నెర్వ్ బ్లాక్ ఇచ్చేటప్పుడు ఇంజెక్షన్ ప్రెషర్ ఎందుకు చూడాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

బ్లాకులు నేర్చుకుంటున్న పీజీలు, థియేటర్లో పక్కన నిలబడి సిరంజి నొక్కే సిస్టర్లు, టెక్నీషియన్లు, ఆపరేషన్ ముందురోజు ‘నరానికి సూది’ అనగానే కంగారుపడే పేషెంట్లు తరచూ అడిగే ప్రశ్నలివి. ఎక్కువ భాగం మత్తు డాక్టర్లకూ వారి సిబ్బందికీ పనికొచ్చేది. పేషెంట్ల ప్రశ్నలు మొదట్లో ఒకటి, చివర్లో రెండు ఉన్నాయి.

నెర్వ్ బ్లాక్ అంటే ఏమిటి? సెలైన్ ఎక్కించే నరానికే ఇస్తారా?

కాదు. ఈ గందరగోళం మన మాటలోనే ఉంది. ‘నరం దొరకలేదని రెండుసార్లు పొడిచారు’ అన్నప్పుడు చెప్పేది రక్తనాళం గురించి. ‘నరాల బలహీనత’ అన్నప్పుడు చెప్పేది నాడుల గురించి. ఇక్కడ నరం అని రాసిన ప్రతిచోటా నాడి అనే అర్థం: మెదడు, వెన్నుపాము నుంచి కండరాలకూ చర్మానికీ సంకేతాలు మోసేది. చేతికో కాలికో ఆపరేషన్ ఉంటే, ఆ భాగానికి వెళ్లే నరం చుట్టూ మత్తుమందు పోస్తాం. మందు మెల్లగా నరంలోకి ఇంకి, కొన్ని గంటలపాటు నొప్పి కబురు పైకి పోకుండా ఆపుతుంది. ‘చుట్టూ’ అన్న మాట గుర్తుంచుకోండి. మిగతా ప్రశ్నలన్నీ దాని మీదే నడుస్తాయి.

సూది నరం చుట్టూ కాక నరంలోకే వెళ్తే ఏమవుతుంది?

ఎక్కడిదాకా వెళ్లింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. నరాన్ని లావుపాటి కరెంటు కేబుల్‌లా ఊహించుకోండి. పైన ఒక తొడుగు, దాని పేరు ఎపిన్యూరియం. లోపల మెత్తటి కొవ్వు, సంధాన కణజాలం. వాటి మధ్య విడివిడిగా సన్నటి కట్టలు, అంటే ఫాసికిళ్లు. ఒక్కో కట్ట చుట్టూ పెరిన్యూరియం అనే బిగుతైన పొర ఉంటుంది. అసలు నరపు పోగులు ఉండేది ఆ కట్టల లోపలే.

సూది మొన పైతొడుగు దాటినా కట్టల మధ్య ఉన్న మెత్తటి కొవ్వులో ఆగితే, చాలాసార్లు ఏ నష్టమూ జరగదు. ప్రమాదమంతా కట్ట లోపలికి దూరినప్పుడే. పెరిన్యూరియం సాగదు. అందులోకి నాలుగు చుక్కలు నెట్టినా లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది, నెట్టడం ఆపాక కూడా కొన్ని నిమిషాలపాటు దిగదు. ఆ ఒత్తిడి కేశనాళికల్లోని రక్తపు ఒత్తిడిని మించితే పోగులకు రక్తం అందదు. సూది మొన కోసిన గాయం ఒకటి, రక్తం అందకపోవడం రెండు. మామూలుగా బయటి నుంచి పల్చబడి చేరాల్సిన మందు గాఢంగా నేరుగా పోగులకు తగలడం మూడు. నాలుగోది, మందులో రక్తనాళాలను కుదించే ఎడ్రినలిన్ కలిపి ఉంటే రక్తప్రసారం ఇంకా తగ్గుతుంది.

దీనికీ ప్రెషర్‌కూ ముడి ఎలా పడింది?

స్వీడన్‌లో డాగ్ సెలాండర్, ఆయన సహచరులు 1970ల చివర్లో కుందేళ్ల నరాల మీద చేసిన ప్రయోగాలు దారి చూపాయి. కట్ట లోపలికి ఎక్కించినప్పుడు ఒత్తిడి ఎంతగా పెరుగుతుందో, మందు కట్ట వెంబడి ఎంత దూరం పాకుతుందో వాళ్లు చూపించారు.

ప్రెషర్‌ను మత్తు డాక్టర్లందరి ముందుకు తెచ్చింది మాత్రం 2004లో కుక్కల మీద చేసిన అధ్యయనం. ఏడు కుక్కల సయాటిక్ నరాలకు (తొడ వెనక నుంచి కాలికి వెళ్లే పెద్ద నరాలు) ఒకవైపు నరం బయట, రెండోవైపు నరం లోపల లిడోకైన్ అనే మత్తుమందు ఎక్కించారు. బయట ఇచ్చినప్పుడు ప్రెషర్ ఎక్కడా 4 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ప్రెషర్ కొలత) దాటలేదు. లోపల ఇచ్చిన ఏడింటిలో నాలుగింటికి 25 పీఎస్‌ఐ, ఆపైన నమోదైంది. ఆ నాలుగు కుక్కలకూ కాలి బలహీనత అలాగే ఉండిపోయింది. మిగతా మూడింటికి సూది నరంలోనే ఉన్నా ప్రెషర్ 11 పీఎస్‌ఐ లోపే ఉంది. మూడు గంటల్లో కాళ్లు మామూలుగా కదిలాయి. ‘నరంలో సూది’ అనే ఒకే మాట కింద రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయని, వాటిని విడదీసేది ప్రెషర్ అని ఈ ప్రయోగం చెప్పింది. ఏడు జంతువులతో చేసిన చిన్న ప్రయోగమే కానీ, మన పనిని చూసే చూపు దానితో మారింది.

ఓపెనింగ్ ప్రెషర్ అంటే?

సిరంజి నొక్కడం మొదలుపెట్టాక, మందు సూది మొన నుంచి బయటికి కదలడానికి కావలసిన ప్రెషర్. దాన్ని అందుకునేదాకా లోపల ఏదీ కదలదు. ద్రవం నిలకడగా ఉన్నంతసేపు ప్రెషర్ అన్నిచోట్లా ఒకటేనని పాస్కల్ సూత్రం చెబుతుంది. కాబట్టి ఆ క్షణంలో సిరంజి దగ్గర పెట్టిన మీటరు చూపేది, సూది మొన దగ్గర ఉన్నది దాదాపు ఒకటే. సూది సన్నదైనా, ట్యూబు పొడుగైనా ఆ అంకె మారదు.

నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే. మందు ఇంకా కదలలేదు కాబట్టి నష్టమూ ఇంకా జరగలేదు. నొప్పి, కండరం అదరడం, స్క్రీన్ మీద నరం ఉబ్బడం వంటి మిగతా హెచ్చరికల్లో చాలావరకు మందు కొంత వెళ్లాకో, సూది గుచ్చుకున్నాకో వస్తాయి. ఓపెనింగ్ ప్రెషర్ మొదటి చుక్క దాటకముందే చెబుతుంది.

మరి 15 పీఎస్‌ఐ అనే గీత ఎక్కడి నుంచి వచ్చింది?

2014లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, భుజం ఆపరేషన్‌కు ఇంటర్‌స్కేలీన్ బ్లాక్ (మెడ పక్కన ఇచ్చేది) తీసుకుంటున్న 16 మందిలో అల్ట్రాసౌండ్ చూస్తూ సూదిని నరం వేరుకు ఒక మిల్లీమీటరు దూరంలో ఉంచి ఒకసారి, నరానికి ఆనించి ఒకసారి ప్రెషర్ కొలిచారు. మిల్లీమీటరు దూరంలో ఉన్నప్పుడు 15 పీఎస్‌ఐ లోపే మందు కదిలింది. సగటు 8 చిల్లర. ఆనించినప్పుడు 36 సార్లలో 35 సార్లు 15 దాటినా కదల్లేదు. అంటే గుచ్చుకోకముందే, ఆనుకున్నందుకే మీటరు చెప్పింది. తర్వాత తొడ ముందున్న ఫెమోరల్ నరం దగ్గర చేసిన అధ్యయనంలోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది. అయితే అక్కడ ఫేసియా, అంటే కండరాలను చుట్టి ఉండే గట్టి పొరకు ఆనినా ప్రెషర్ పెరిగింది. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

అంకెల మార్పిడి కావాలంటే: 15 పీఎస్‌ఐ అంటే దాదాపు 103 కిలోపాస్కల్, లేదా 775 మిల్లీమీటర్ల పాదరసం. సుమారుగా ఒక వాతావరణ పీడనం.

ఇన్నేళ్ల అనుభవం ఉంది. ప్రెషర్ ఎంతో నా చేతికి తెలియదా?

ఈ ప్రశ్న నన్ను ఎక్కువగా అడిగేది సీనియర్లు. అడగడంలో తప్పు లేదు, నేనూ ఒకప్పుడు అలాగే అనుకునేవాణ్ని. పక్కన సిరంజి పట్టుకున్న వారిని ‘ఎలా పోతోంది?’ అని అడగడం, ‘ఫ్రీగానే పోతోంది సార్’ అనగానే తల ఊపడం. ఎప్పుడైనా ‘కొంచెం టైట్‌గా ఉంది సార్’ అంటే సూది కాస్త కదిపి మళ్లీ అడగడం. ఆ ‘కొంచెం’ ఎంతో నాకూ తెలియదు, వాళ్లకూ తెలియదు.

కృత్రిమ నమూనాల మీద, జంతువుల కణజాలం మీద పరీక్షించి చూశారు. అనుభవం ఉన్నవాళ్లు కూడా ఒకే పనికి ఒక్కొక్కరు ఒక్కో ప్రెషర్ పెట్టారు. సగం మందికి పైగా ప్రమాదకరం అనుకునే గీత దాటారు. నరంలోకి ఎక్కిస్తున్నామని చేతి స్పర్శతో పసిగట్టమంటే ఎక్కువమంది పట్టుకోలేకపోయారు.

లెక్క వేసి చూస్తే కారణం అర్థమవుతుంది. ప్రెషర్ అంటే బలాన్ని వైశాల్యంతో భాగిస్తే వచ్చేది. బొటనవేలితో సుమారు 5 కిలోల బరువంత నొక్కుతున్నారనుకోండి. 20 మి.లీ. సిరంజి లోపలి వ్యాసం దాదాపు 20 మి.మీ.; అందులో ఆ బలానికి 23 పీఎస్‌ఐ వస్తుంది. దాదాపు 15 మి.మీ. ఉండే 10 మి.లీ. సిరంజిలో 40. అదే 5 మి.లీ. సిరంజిలో 60 దరిదాపులకు పోతుంది. బొటనవేలికి మాత్రం మూడూ ఒకేలా అనిపిస్తాయి. వేలికి తెలిసేది బలం, నరానికి తగిలేది ప్రెషర్. పైగా సిరంజి మారిస్తే, ట్యూబు మారిస్తే, ఆ రోజు నొక్కే మనిషి మారితే ‘టైట్’ అన్న మాటకు అర్థమే మారిపోతుంది.

అందుకే టెస్ట్ డోసుకు, అంటే మొదట పరీక్షగా ఇచ్చే కొద్దిపాటి మందుకు, చిన్న సిరంజి తగిలించే అలవాటు మానుకోమని పీజీలకు గట్టిగా చెబుతాను.

అల్ట్రాసౌండ్‌లో సూది మొన కనిపిస్తుంటే ప్రెషర్ కూడా ఎందుకు?

కనిపిస్తే మంచిదే. మొన అనుకున్నది ఒక్కోసారి సూది నడుము అయి ఉంటుంది. ప్రోబ్ ఒక వెంట్రుకవాసి పక్కకి జరిగితే చాలు, స్క్రీన్ మీద మెరిసే చుక్క అసలు మొనకు రెండు మూడు మిల్లీమీటర్లు వెనకది కావచ్చు. లోతుగా ఉన్న నరాల దగ్గర, లావుగా ఉన్నవారిలో బొమ్మే మసకగా ఉంటుంది. మనం థియేటర్లో వాడే యంత్రాలకు ఒక్కో ఫాసికిల్‌ని విడదీసి చూపేంత స్పష్టత లేదు. నరం ఉబ్బడం చూసి ఆపుదామంటే, అది ఉబ్బేసరికే మందు లోపలికి వెళ్లిపోయి ఉంటుంది.

అల్ట్రాసౌండ్ వచ్చాక మందు రక్తంలోకి వెళ్లి వచ్చే విషప్రభావం తగ్గిందని పెద్ద రిజిస్ట్రీలు చూపించాయి. నరాల గాయాలు మాత్రం అదే తీరుగా తగ్గాయని చెప్పలేకపోయాయి.

నెర్వ్ స్టిమ్యులేటర్ చాలదా?

ఇది సూది మొన నుంచి కొద్దిపాటి కరెంటు పంపి కండరం అదురుతుందేమో చూసే యంత్రం. 0.2 మిల్లీఆంప్‌లోపు కరెంటుకే కండరం అదిరితే మొన నరంలో ఉన్నట్టే లెక్క. అప్పుడు మందు పోయకూడదు. చిక్కు రెండోవైపు ఉంది. మొన నరాన్ని తాకుతూ ఉన్నా, లోపలే ఉన్నా, 0.5 మిల్లీఆంప్‌కి కూడా కదలిక రాకపోవచ్చు. డయాబెటిస్‌తో దెబ్బతిన్న నరాల్లో ఇది మరీ ఎక్కువ. అదిరితే నమ్మండి, అదరకపోతే నిశ్చింత పడకండి. ఈ మూడూ వేర్వేరు చోట్ల గుడ్డివి కాబట్టే అల్ట్రాసౌండ్, స్టిమ్యులేటర్, ప్రెషర్ మీటరు కలిపి వాడమంటారు.

ప్రెషర్‌ను ఎలా కొలుస్తారు?

సిరంజికీ సూది ట్యూబుకీ మధ్య తగిలించే చిన్న మీటర్లు వాడుకలో ఉన్నాయి. లోపల స్ప్రింగు మీద ఒక పిస్టన్ ఉంటుంది. ప్రెషర్ పెరిగేకొద్దీ అది పైకి లేచి రంగు పట్టీలు చూపిస్తుంది. 15 లోపు ఒక రంగు, 15 నుంచి 20 వరకు ఇంకొకటి, 20 దాటితే మరొకటి. నొక్కే మనిషి కళ్లెదుటే ఉంటుంది కాబట్టి ‘టైట్’ అన్న మాట స్థానంలో ‘15 దాటింది సార్’ అన్న మాట వస్తుంది. థియేటర్లో దీనివల్ల మారేది అంతా ఇంతా కాదు. కొత్తగా చేరిన సిస్టర్ కూడా పెద్ద డాక్టరును ధైర్యంగా ఆపగలదు.

ఇంకో రకం, గీత దాటగానే తానే మూసుకునే కవాటాలు. మీరు ఎంత నొక్కినా మందు కదలదు. ఎలక్ట్రానిక్ సెన్సర్‌తో గ్రాఫు గీసే యంత్రాలూ ఉన్నాయి; ప్రతి బ్లాకును నమోదు చేసుకోవడానికి, పరిశోధనకు అవి బాగా పనికొస్తాయి.

ఏది వాడినా తగిలించే ముందు ట్యూబులో, మీటరులో గాలి లేకుండా మందుతో నింపుకోండి. గాలి కుదించుకుపోతుంది కాబట్టి ప్రెషర్ పెరగడం ఆలస్యంగా తెలుస్తుంది.

మా దగ్గర మీటరు లేదు. ఏం చేయాలి?

గాలి కుదించుకుపోతుందన్న సంగతినే పనికి పెట్టుకునే పద్ధతి ఒకటుంది. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో బాన్ త్సూయి, ఆయన సహచరులు 2006లో దీన్ని వివరించారు. వెనక ఉన్నది బాయిల్ సూత్రం: ఉష్ణోగ్రత మారకపోతే గాలి పరిమాణం సగమైనప్పుడు దాని ప్రెషర్ రెట్టింపు అవుతుంది.

ఉదాహరణకు 30 మి.లీ. సిరంజిలో 20 మి.లీ. మందు, దాని పైన 10 మి.లీ. గాలి తీసుకోండి. సిరంజి మొనను కిందికి ఉంచి నిలువుగా పట్టుకుంటే గాలి ప్లంజర్ దగ్గర, మందు కింద ఉంటాయి. ఇప్పుడు నొక్కండి. గాలి 10 నుంచి 5 మి.లీ.కి కుదించుకుపోయిందంటే, బయటి గాలి కన్నా లోపల సరిగ్గా ఒక వాతావరణ పీడనం ఎక్కువైందన్నమాట. అంటే 14.7 పీఎస్‌ఐ, మనకు కావలసిన గీతే. గాలి సగానికి మించి కుదించుకుపోకుండా మందు కదిలితే సరే. సగానికి వచ్చినా కదలకపోతే ఆపాలి.

మూడు జాగ్రత్తలు తప్పనిసరి. సిరంజిని ఎప్పుడూ వంచకండి. మందు అయిపోవచ్చే ముందే ఆపండి, గాలి లోపలికి వెళ్లకూడదు. వెళితే అల్ట్రాసౌండ్ బొమ్మ కూడా పాడవుతుంది. గాలి పరిమాణం మొదట ఎంత ఉందో గుర్తుపెట్టుకోండి, లేకపోతే సగం ఎక్కడో తెలియదు. ఖర్చు లేని పద్ధతి. ‘మీటరు లేదు కాబట్టి చేతితోనే’ అనే మాటకు దీనివల్ల చోటు లేకుండా పోతుంది.

15 దాటినా మందు కదల్లేదు. ఇప్పుడు?

చేయి తీసేయండి. మొట్టమొదటి పని అదే. ‘ఇంకొంచెం నొక్కితే తెరుచుకుంటుందేమో’ అని చూడకండి. తెరుచుకోవచ్చు, కానీ తెరుచుకున్నది పెరిన్యూరియం అయితే దాన్ని మళ్లీ మూయలేం.

తర్వాత సూదిని మిల్లీమీటరు వెనక్కి తీసి, బొమ్మలో మొన ఎక్కడుందో చూసుకుని, మళ్లీ మెల్లగా నొక్కి చూడండి. ఎక్కువసార్లు అంతటితో సరిపోతుంది. అప్పటికీ కదలకపోతే సూది మూసుకుపోయిందేమో, స్టాప్‌కాక్ (ట్యూబుకు ఉండే చిన్న కుళాయి) తిప్పి ఉందేమో, ట్యూబు మెలిక పడిందేమో చూడాలి. శరీరంలోనే ఉంచి ఒత్తిడి పెట్టి సూదిని ‘క్లియర్’ చేయాలనుకోవడం చాలా చెడ్డ అలవాటు. బయటికి తీసి, బయట నొక్కి చూసి, మళ్లీ పెట్టండి.

ప్రెషర్ పెరిగిన ప్రతిసారీ మొన నరానికే ఆని ఉండాలని లేదు. ఫేసియా, స్నాయువు, ఎముక, కండరం మీది పొర, వీటిలో దేనికి ఆనినా పెరుగుతుంది. అబద్ధపు హెచ్చరికలు వస్తాయన్నమాట. వాటి వల్ల పోయేది అర నిమిషం. అదీగాక ఫేసియాకో ఎముకకో ఆనిన మొన ఎలాగూ మందు పోయాల్సిన చోట లేదు కదా.

ప్రెషర్ తక్కువగా ఉంది. అయితే ఇక భయం లేదా?

మొన నరానికి గట్టిగా ఆని గానీ కట్ట లోపల గానీ ఉండే అవకాశం బాగా తక్కువ అని మాత్రమే అర్థం. దానికి మించి ఏమీ చెప్పదు.

మోకాలి వెనక సయాటిక్ నరంలో కట్టల మధ్య కొవ్వు చాలా ఉంటుంది. అక్కడ మొన తొడుగు లోపల ఉన్నా ప్రెషర్ తక్కువగానే చూపవచ్చు. మెడ దగ్గరి నరాల వేళ్లలో అలా కాదు. అక్కడ కట్టలు దగ్గరదగ్గరగా బిగుతుగా ఉంటాయి, తప్పిదానికి చోటు తక్కువ. ఇంటర్‌స్కేలీన్ బ్లాకులో మీటరు లేకుండా చేయడానికి నాకు మనసొప్పనిది ఇందుకే.

ఇంకొకటి. మొన రక్తనాళంలో ఉంటే ప్రెషర్ చాలా తక్కువగా, హాయిగా వెళ్తుంది. కాబట్టి వెనక్కి లాగి రక్తం వస్తోందేమో చూడడం, 3 నుంచి 5 మి.లీ. చొప్పున ఆపి ఆపి ఇవ్వడం, మందు బొమ్మలో పరుచుకుంటూ కనబడాలని పట్టుబట్టడం, మందు రక్తంలోకి వెళ్లి విషప్రభావం చూపితే ఇచ్చే 20 శాతం లిపిడ్ ఎమల్షన్ చేతికందేలా ఉంచుకోవడం, వీటిలో ఒక్కటి కూడా ప్రెషర్ మీటరు ఉందని మానకూడదు.

మొదట బాగానే వెళ్లింది, మధ్యలో ప్రెషర్ పెరిగింది. ఎందుకు?

రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి, సూది కదిలి ఉండవచ్చు. పేషెంటు ఊపిరి తీసుకున్నా, మీ చేయి అలసినా మొన జరుగుతుంది. రెండు, మీరు వేగంగా నొక్కుతూ ఉండవచ్చు. మందు ప్రవహించడం మొదలయ్యాక పాస్కల్ లెక్క సరిపోదు. సన్నటి గొట్టంలో ప్రవాహానికి అడ్డు వ్యాసార్థం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది: రంధ్రం సగమైతే అడ్డు 16 రెట్లు. అప్పుడు మీటరు చూపే అంకెలో కొంత భాగం సూదిని దాటడానికే ఖర్చవుతోంది, మొన దగ్గర అంత ఉండదు.

వేగం తగ్గించి చూడండి. నిమిషానికి 10 నుంచి 15 మి.లీ. మించకపోతే మంచిది. తగ్గించగానే దిగితే అది సూది అడ్డే. దిగకపోతే ఆపి మొన చూసుకోండి.

మొన కోతకు చిన్న వాలు ఉన్న బ్లాక్ సూదులు వాడితే నరంలోకి దిగవు కదా?

దిగడం కష్టమవుతుంది, నిజమే. పదునైన పొడుగు వాలు సూదుల కన్నా మొద్దుగా ఉండే చిన్న వాలు సూదుల ముందు కట్టలు పక్కకు జారిపోతాయని సెలాండర్ బృందం 1977లో చూపించింది. అయితే తర్వాతి ప్రయోగాల్లో, ఆ మొద్దు మొన పొరపాటున లోపలికి దిగితే చేసే గాయం ఇంకా పెద్దదిగా, మానడానికి ఎక్కువ కాలం పట్టేదిగా కనిపించింది. సూది ఎంపిక ప్రెషర్ చూడడానికి ప్రత్యామ్నాయం కాదు.

నరం గాయం సంగతి సరే, ప్రెషర్ వల్ల ఇంకేదైనా తేడా ఉంటుందా?

మందు ఎటు పోతుందన్నది మారుతుంది. నడుము దగ్గరి నరాల గుంపుకు ఇచ్చే లంబార్ ప్లెక్సస్ బ్లాకు మీద 2008లో వచ్చిన అధ్యయనంలో 20 పీఎస్‌ఐ పైన ఇచ్చిన పదిమందిలో ఆరుగురికి రెండు కాళ్లూ మొద్దుబారాయి. సగం మందికి మందు వెన్నుపాము పొరల బయట ఉండే ఎపిడ్యూరల్ ఖాళీ వైపు పాకింది. 15 లోపు ఇచ్చినవారిలో ఒక్కరికీ అలా కాలేదు. ఆ తేడా చూసి అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. ఒక కాలికి బ్లాకు ఇచ్చి బీపీ పడిపోతే ‘పేషెంటు నరాల అమరిక వేరుగా ఉందేమో’ అనుకునేవాళ్లం. మన బొటనవేలి పని అయి ఉండవచ్చునని అప్పుడు తట్టలేదు.

టాప్ (పొట్ట గోడకు ఇచ్చేది), ఎరెక్టర్ స్పైనీ (వెన్ను పక్క కండరం కింద ఇచ్చేది) వంటి బ్లాకులకూ ఇదే గీతా?

వాటిలో మందు పోసేది నరం పక్కన కాదు, రెండు పొరల మధ్య. మొన పొరకు ఆనడం మామూలే కాబట్టి మొదట్లో ప్రెషర్ ఎక్కువ చూపించడమూ మామూలే. అక్కడ మీటరు ఉపయోగం పరిమితం. పొరలు విడిపోవడం కంటితో చూడడమే ముఖ్యం.

పూర్తి మత్తులో ఉన్నవారికి, పిల్లలకు?

మెలకువగా ఉన్న మనిషి ‘అబ్బా’ అంటే ఆపగలం. అదీ పూర్తిగా నమ్మదగింది కాదు. నరంలోకి వెళ్లినా కొందరికి నొప్పి రాదు, కొందరికి ఊరికే ఒత్తిడికే నొప్పి వస్తుంది. పిల్లలకు బ్లాకులు చాలావరకు నిద్రపుచ్చాకే ఇస్తాం కాబట్టి ఆ ‘అబ్బా’ కూడా ఉండదు. చెప్పలేని మనిషి తరఫున చెప్పగలిగిన గుర్తు ఏదున్నా దాన్ని వదులుకోకూడదని నా నమ్మకం. 15 అనే గీత పెద్దవాళ్ల మీద చేసిన అధ్యయనాల నుంచి వచ్చింది. పసిపిల్లల్లో దాన్ని పై హద్దుగా చూడండి, చేరుకోవాల్సిన అంకెగా కాదు.

ఎవరి విషయంలో ఇంకా జాగ్రత్త పడాలి?

ముందే దెబ్బతిన్న నరాలు ఉన్నవారు: ఏళ్లుగా డయాబెటిస్ ఉన్నవారు, కీమోథెరపీ తీసుకున్నవారు, వెన్నులో నరం నొక్కుకుపోయినవారు. ఒకచోట బలహీనపడిన నరానికి రెండోచోట చిన్న దెబ్బ తగిలినా ఎక్కువ బాధిస్తుంది. బ్లాకుకు ముందే తిమ్మిర్లు, బలహీనత ఎంతున్నాయో పరీక్షించి రాసిపెట్టుకోండి.

మనుషుల్లో దీనివల్ల గాయాలు తగ్గాయని రుజువు ఉందా?

నేరుగా లేదు, ఈ మాట దాచకూడదు. అమెరికన్ రీజనల్ ఎనస్థీషియా సొసైటీ 2015లో ఇచ్చిన సలహాపత్రం కూడా ఇదే చెప్పింది: జంతు ప్రయోగాలు గట్టిగా సూచిస్తున్నాయి, మనుషుల్లో గాయాలు తగ్గుతాయనీ తగ్గవనీ తేల్చే లెక్కలు లేవు. కారణం తేలికగానే అర్థమవుతుంది. బ్లాకు తర్వాత ఎక్కువకాలం ఉండిపోయే నరాల గాయం పదివేలమందికి ఇద్దరి నుంచి నలుగురిలో కనిపిస్తుంది. ఇంత అరుదైనదాన్ని సగానికి తగ్గించామని చూపించాలంటే లక్షకు పైగా పేషెంట్లు కావాలి. పైగా ఎక్కువ ప్రెషర్‌తో ఇవ్వమని ఒక గుంపుకు చెప్పే అధ్యయనాన్ని ఏ నైతిక కమిటీ ఒప్పుకుంటుంది?

నా నిర్ణయం నేను చెబుతాను. తప్పుడు హెచ్చరిక వస్తే అర నిమిషం పోతుంది. నిజమైన హెచ్చరికను పోగొట్టుకుంటే ఒక మనిషి చేతి పట్టు పోవచ్చు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాక, పెద్ద అధ్యయనం వచ్చేదాకా ఆగాలని నాకు అనిపించలేదు.

నేను పేషెంటును. డాక్టరు గారిని ఏమని అడగాలి?

‘అల్ట్రాసౌండ్ చూసి ఇస్తారా? ప్రెషర్ చూస్తారా?’ అని మర్యాదగా అడగవచ్చు, ఎవరూ నొచ్చుకోరు. అంతకన్నా ముఖ్యం, మీరు చెప్పాల్సినవి చెప్పడం: తిమ్మిర్లు, పాత దెబ్బలు, సుగర్, రక్తం పల్చబడే మందులు. సూది ఇస్తున్నప్పుడు షాక్ కొట్టినట్టు చేతిలోకో కాలిలోకో జివ్వుమంటే ఓర్చుకోకండి, వెంటనే నోరు తెరిచి చెప్పండి. కదలకండి, చెప్పండి.

బ్లాకు తర్వాత తిమ్మిరి ఎంతసేపు ఉండవచ్చు? ఎప్పుడు ఫోన్ చేయాలి?

మందును బట్టి కొన్ని గంటల నుంచి ఒక రోజు దాకా. తర్వాత కొన్ని రోజులు అక్కడక్కడ మొద్దుగా అనిపించడం అరుదేమీ కాదు, చాలావరకు వారాల్లో దానంతటదే పోతుంది. ఇలాంటివన్నీ సూది వల్లే రావు. ఆపరేషన్లో రక్తం ఆపడానికి బిగించి కట్టే టూర్నికే, చేయి ఉంచిన భంగిమ, బిగుతైన కట్టు కూడా కారణం కావచ్చు. రెండు రోజులు దాటినా స్పర్శ రాకపోయినా, వచ్చిన బలం మళ్లీ పోతున్నా, మంటలా నొప్పి పెరుగుతున్నా ఆగకుండా ఆసుపత్రికి చెప్పండి.

రికార్డులో ఏం రాయాలి?

సూది రకం, పొడవు. ఏ నరం, ఏ వైపు. ఎంత కరెంటుకు కదలిక వచ్చింది లేదా రాలేదు. ఓపెనింగ్ ప్రెషర్ 15 లోపు ఉందా, దాటితే ఎన్నిసార్లు సూది మార్చారు. నొప్పి చెప్పారా. మందు పేరు, గాఢత, ఎన్ని మి.లీ. సిరంజి నొక్కినవారి పేరు కూడా రాయండి. చాలా ఫారాల్లో ఆ గడి ఉండదు, పక్కన చేత్తో రాసుకోవచ్చు.